కొత్త ఇంటి గాలికి లెక్క కట్టిన పెటెన్‌కోఫర్.. మందుల షాపు కుర్రాడు మ్యూనిక్ నగరాన్నే మార్చేశాడు!

కొత్తగా ఇంటీరియర్ చేయించిన గదిలోకి అడుగు పెట్టగానే గుప్పుమని ఒక వాసన వస్తుంది. ప్లైవుడ్, జిగురు, పెయింట్, పాలిష్.. అన్నీ కలిసిన వాసన. కొందరికి కళ్లు మండుతాయి, గొంతు గరగరలాడుతుంది. ఇంకొందరు మాత్రం అదే కొత్త ఇంటి వాసన అని మురిసిపోతారు. ఇంతకీ ఆ గాలిలో ఉన్నది ఎంత? ఎన్ని గంటలు ఉంటుంది? కిటికీ తీస్తే ఎంత తగ్గుతుంది? వీటికి ముక్కుతో కాకుండా కాగితం మీద సమాధానం చెప్పొచ్చా?

చెప్పొచ్చు. ఆ పద్ధతికి దారి వేసిన మనిషి మాక్స్ వాన్ పెటెన్‌కోఫర్. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ఉండేవాడు. 1858లో ఇళ్లలో గాలి మార్పిడి మీద ఆయన ఒక పుస్తకం వేశాడు. ఇవాళ మన ఫోన్ పక్కన పెట్టుకునే చిన్న గాలి మీటర్లలో 1000 అనే అంకె దాటగానే రంగు మారుతుంది చూడండి, ఆ 1000 వెనుక ఉన్నది ఈయనే. ఆయన కథ మాత్రం లెక్కల పుస్తకంలా నేరుగా సాగదు. మధ్యలో నాటకాలున్నాయి, రాజుగారున్నారు, కలరా ఉంది. ఒక పెద్ద పొరపాటు కూడా ఉంది.

స్టేజీ ఎక్కి.. మళ్లీ షాపుకే

పెటెన్‌కోఫర్ 1818 డిసెంబర్ 3న బవేరియాలో, డాన్యూబ్ నది దగ్గరి నోయ్‌బుర్గ్ పట్టణానికి పక్కనున్న లిఖ్టెన్‌హైమ్‌లో పుట్టాడు. ఇంట్లో పిల్లలు ఎక్కువ, డబ్బు తక్కువ. తండ్రి సోదరుడు ఫ్రాంజ్ జేవియర్ అప్పటికే మ్యూనిక్ రాజభవనంలో ఆస్థాన ఔషధశాల నడుపుతున్నాడు. ఆయనకు సంతానం లేదు. దాంతో కుర్రాడిని చదివిస్తానని తీసుకెళ్లిపోయాడు.

చదువు బాగానే సాగింది. మందుల షాపులో శిక్షణ కూడా మొదలైంది. ఒకరోజు ఏదో పొరపాటు చేశాడని పెద్దాయన చెంప మీద కొట్టాడు. అంతే, కుర్రాడు ఇల్లు వదిలి ఆగ్స్‌బర్గ్ వెళ్లి నాటకాల కంపెనీలో చేరిపోయాడు. ఇంటిపేరులోంచి ఒక ముక్క తీసి టెన్‌కోఫ్ అని పేరు కూడా మార్చుకున్నాడు. నటన పెద్దగా కలిసి రాలేదు. చివరికి బంధువుల అమ్మాయి హెలెన్ నచ్చజెప్పడంతో వెనక్కి వచ్చి పుస్తకాలు పట్టాడు. 1845లో ఆమెనే పెళ్లి చేసుకున్నాడు.

1843లో వైద్యం, ఫార్మసీ రెండూ పూర్తయ్యాయి. కానీ రోగుల నాడి పట్టడం మీద ఆయనకు ఆసక్తి లేదు. ల్యాబ్ అంటేనే ఇష్టం. గీసెన్ వెళ్లి, ఆ రోజుల్లో రసాయన శాస్త్రానికి పెద్ద దిక్కైన లీబిగ్ దగ్గర పనిచేశాడు. పిత్తరసంలోని ఆమ్లాలను పట్టే పరీక్ష ఒకటి ఆయన పేరు మీదే ఉంది. తిరిగొచ్చాక యూనివర్సిటీలో చోటు దొరక్క రాజుగారి టంకశాలలో చేరాడు. అక్కడ పని పాత వెండి నాణేల్లోంచి బంగారం, ప్లాటినం వేరు చేయడం. ఎంత లోహం లోపలికి వెళ్లింది, ఎంత బయటికి వచ్చింది, మధ్యలో ఎంత పోయింది.. చిల్లిగవ్వ తేడా రాకుండా చూడాలి. జీవితమంతా ఆయన చేసింది ఒకరకంగా ఈ టంకశాల పనే అనిపిస్తుంది. వెండి బదులు గాలి వచ్చింది, అంతే తేడా.

1847లో ప్రొఫెసర్ అయ్యాడు. 1850లో పెద్దాయన చనిపోవడంతో ఆస్థాన ఔషధశాల కూడా ఈయన చేతికే వచ్చింది.

రాజుగారి గదిలో గాలి ఎందుకు పొడిబారింది?

ఆ రోజుల్లో బవేరియా రాజు రెండో మాక్సిమిలియన్. రాజభవనంలో పాత పొయ్యిల బదులు వేడి గాలిని గొట్టాల్లో పంపే హీటింగ్ పెట్టారు. పెట్టినప్పటి నుంచి గదుల్లో గాలి మరీ పొడిగా, ఇబ్బందిగా ఉందని ఫిర్యాదులు మొదలయ్యాయి. కారణం తేల్చే పని పెటెన్‌కోఫర్ మీద పడింది. రెండు రకాల హీటింగ్ వల్ల గది గాలిలో వచ్చే తేడా గురించి 1851లో ఆయన రాసింది ఈ పని నుంచి పుట్టిందే.

అప్పటిదాకా గది గాలి బాగుంది, బాలేదు అనేది ముక్కు చెప్పే మాట. ఈయనకు అది సరిపోలేదు. గదిలో గాలి గంటకు ఎంత మారుతోంది? ఎటు నుంచి వస్తోంది? దీనికి అంకె కావాలి. గాలి కంటికి కనపడదు, తక్కెడలో వేసి తూచలేం. మరి ఎలా?

ఇక్కడే ఆయన తెలివి బయటపడింది. గాలిని నేరుగా కొలవడం మానేసి, గాలికి ఒక గుర్తు పెట్టాడు. ఆ గుర్తు కార్బన్ డయాక్సైడ్. మనం వదిలే ఊపిరిలో ఉండేదే. దాన్ని పట్టడానికి ఒక పెద్ద గాజు సీసాలో గది గాలి నింపి, అందులో బేరియం హైడ్రాక్సైడ్ కలిపిన నీళ్లు పోసి ఊపేవాడు. స్కూల్లో సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే తెల్లబడటం గుర్తుందా, అలాంటిదే ఇది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఆ ద్రావణాన్ని ఎంత ఖర్చు చేసిందో ఆక్సాలిక్ ఆమ్లంతో కొలిస్తే అసలు లెక్క బయటపడుతుంది. ఈ పద్ధతి తర్వాత చాలా దేశాల ల్యాబుల్లో ఏళ్ల తరబడి వాడుకలో ఉంది.

ఒక్క విషయం ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. కార్బన్ డయాక్సైడ్ ఆ మోతాదులో విషమని పెటెన్‌కోఫర్ అనలేదు. మనుషుల ఒంటి నుంచి, ఊపిరి నుంచి వచ్చే మిగతా మలినాలు కొలవడం కష్టం. వాటితో పాటే పెరిగే కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడం తేలిక. అది పెరిగిందంటే మిగతావీ పెరిగినట్టే. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసినట్టు! ఇప్పటికీ సోషల్ మీడియాలో 1000 దాటితే ప్రాణాపాయం అని వీడియోలు తిరుగుతుంటాయి. ఆ అంకె పెట్టినాయన ఉద్దేశం అది కాదు.

ఆయన పెట్టిన హద్దు వెయ్యికి ఒకటి. అంటే వెయ్యి లీటర్ల గది గాలిలో ఒక లీటర్ కార్బన్ డయాక్సైడ్. ఇప్పటి భాషలో 1000 పీపీఎం. జనం రోజంతా ఉండే గదుల్లో 0.7 దాటకపోతే ఇంకా మంచిదన్నాడు.

లెక్క ఇదీ..

భయపడకండి, ఇది ఐదో తరగతి లెక్కే. మనిషి గంటకు దాదాపు 300 లీటర్ల గాలి వదులుతాడనుకున్నాడు. అందులో 4 శాతం కార్బన్ డయాక్సైడ్. అంటే గంటకు 12 లీటర్లు. బయటి గాలిలో వెయ్యికి 0.5 ఉందని తీసుకున్నాడు. గదిలో 0.7 దాటకూడదు. అంటే లోపలికి వచ్చే ప్రతి వెయ్యి లీటర్ల కొత్త గాలి కేవలం 0.2 లీటర్లను మాత్రమే మోసుకెళ్లగలదు. మరి 12 లీటర్లు బయటికి పోవాలంటే? 12ను 0.2తో భాగించి వెయ్యితో గుణిస్తే 60,000 లీటర్లు. అంటే గంటకు ఒక్కో మనిషికి 60 ఘనపు మీటర్ల కొత్త గాలి. హద్దు 1 దాకా పెంచితే 24 ఘనపు మీటర్లు చాలు.

గదిలోకి వచ్చేది ఒకవైపు, గది నుంచి పోయేది మరోవైపు. రెండూ సమానమైన చోట అంకె నిలబడిపోతుంది. పుట్టే మోతాదును మారే గాలితో భాగిస్తే ఆ అంకె వస్తుంది. బిల్డింగ్ మెటీరియల్ నుంచి వచ్చే కాలుష్యానికి ఇవాళ ఇంజనీర్లు వాడే సూత్రానికి గుండెకాయ ఇదే.

ఇక గాలి ఎంత మారుతోందో తెలుసుకోవడానికి ఆయన చేసిన ప్రయోగం ఇంకా బాగుంటుంది. ఖాళీ గదిలో సోడా పొడి మీద ఆమ్లం పోసి కావాలనే కార్బన్ డయాక్సైడ్ నింపేవాడు. తర్వాత అది గంట గంటకూ ఎలా తగ్గుతోందో కొలిచేవాడు. దానికి తగిన గణిత సూత్రం కట్టిచ్చింది మ్యూనిక్ గణిత ప్రొఫెసర్ లుడ్విగ్ సైడెల్.

ఇక్కడ చాలామంది పొరబడే మాట ఒకటుంది. గదిలో గాలి గంటకు ఒకసారి మారింది అంటే పాత గాలి మొత్తం పోయిందని కాదు. నిండా ఉన్న గ్లాసు షర్బత్‌లో మరో గ్లాసు నీళ్లు పోస్తూ పోండి. పొంగి పోయేది షర్బత్, నీళ్లు కలిసినదే. ఇంకో గ్లాసు నీళ్లు పోశాక కూడా లోపల 37 శాతం షర్బత్ మిగిలే ఉంటుంది. రెండో గ్లాసుకి దాదాపు 14 శాతం, మూడో గ్లాసుకి 5 శాతం. గాలీ అంతే. అందుకే పెయింట్ వేసిన గదిలో పది నిమిషాలు కిటికీ తీసి మూసేస్తే వాసన పోయినట్టే పోయి మళ్లీ వస్తుంది. పైగా పెయింట్ ఇంకా వదులుతూనే ఉంటుంది కదా.

సొంత గదే ల్యాబ్

ఆయన కొలిచిన గదుల్లో ఒకటి స్వయంగా తన చదువుకునే గదే. 75 ఘనపు మీటర్లు. ఇటుక గోడలు. బయట బాగా చలి, లోపల వెచ్చన, తేడా 19 డిగ్రీలు ఉన్నప్పుడు తలుపులు, కిటికీలు మూసి ఉన్నా గంటకు 75 ఘనపు మీటర్ల గాలి మారింది. పొయ్యి మండుతుంటే 94. ఆ తర్వాత తలుపు సందులు, కిటికీ సందులు, తాళం చెవి కన్నం కూడా వదలకుండా కాగితం, బంక పెట్టి మూసేశాడు. అయినా గంటకు 54 వచ్చింది!

అదే గదిలో లోపలికీ బయటికీ ఉష్ణోగ్రత తేడా 4 డిగ్రీలకు పడిపోయిన రోజున గాలి మార్పిడి గంటకు 22కి దిగిపోయింది. ఒక కిటికీ రెక్క తీసినా 42 దాటలేదు. ఈ అంకె మన దగ్గర బాగా పట్టించుకోవాల్సినది. గాలి ఆడని ఉక్కపోత రోజున లోపలా బయటా ఒకే వేడి ఉంటే, ఒక్క కిటికీ తీసినంత మాత్రాన గది శుభ్రపడిపోదు. ఎదురెదురుగా రెండు తీయాలి, లేదంటే ఫ్యాన్ పెట్టి బయటికి నెట్టాలి.

సొంత గది తర్వాత జనం కూర్చునే చోట్లకు బయల్దేరాడు. లీబిగ్ పాఠం చెప్పే హాల్లో, జనం నిండాక, వెయ్యికి 3 దాటింది. బీరు తాగే హాల్లో ఇంకా ఎక్కువ. అన్నిటికంటే ఘోరం ఎక్కడో తెలుసా? 70 మంది ఆడపిల్లలు కూర్చున్న ఒక స్కూలు గదిలో. అక్కడ 7.2 వచ్చింది. హద్దుకి ఏడు రెట్లు. బీరు హాలు కంటే బడి గదిలో గాలి హీనంగా ఉందన్నమాట. పిల్లలు క్లాసులో నిద్రపోతున్నారని బెత్తం పట్టుకునే మాస్టర్లు ఆ రోజుల్లో అక్కడా ఉండే ఉంటారు!

గోడ ఊపిరి పీలుస్తుందా?

సందులన్నీ మూసినా 54 ఎలా వచ్చింది? గోడలోంచే అని పెటెన్‌కోఫర్ తీర్మానించాడు. నిరూపించడానికి ఒక ప్రదర్శన కూడా తయారు చేశాడు. ఇటుక గోడ ముక్కకు చుట్టూ మైనం పూసి గాలి దూరకుండా చేసి, అటూ ఇటూ గరాటులు బిగించాడు. ఇటు నుంచి నోటితో ఊదితే గోడ అవతల వెలుగుతున్న కొవ్వొత్తి ఆరిపోయేది. సభలో జనం నోళ్లు తెరిచి చూసేవారట. అదే ఇటుకను నీళ్లతో తడిపితే గాలి దూరదు. గోడలు ఊపిరి పీలుస్తాయి అనే మాట అప్పటి నుంచే జనంలోకి వెళ్లింది.

ప్రయోగం నిజమే. తీర్మానం మాత్రం తప్పు. ఇటుకలో సూక్ష్మ రంధ్రాలు ఉన్నాయి, నోటితో గట్టిగా ఊదితే గాలి దూరుతుంది. కానీ మామూలు గదిలో గాలి ఒత్తిడి అంత ఉండదు. పైగా గోడకు ప్లాస్టరింగ్ ఉంటుంది. 1920ల చివర్లో జర్మనీలోనే కచ్చితంగా కొలిచి చూస్తే, ప్లాస్టర్ చేసిన గోడలోంచి వచ్చే గాలి లెక్కలోకి తీసుకోనంత తక్కువని తేలింది. ఆయన గదిలోకి ఆ 54 ఘనపు మీటర్లు వచ్చింది తాను మూయని సందుల్లోంచే. ఫ్లోరింగ్ చెక్కల మధ్య, పొయ్యి గొట్టం పక్కన, దూలాలు గోడలో దిగిన చోట.. మొత్తం ఎంత అనేది సరిగ్గా చెప్పి, ఎక్కడి నుంచి అనేది తప్పు చెప్పాడు. గోడలు ఊపిరి పీలుస్తాయనే పెయింట్ ప్రకటనలు ఇప్పటికీ కనిపిస్తుంటాయి. ఒక శాస్త్రవేత్త పొరపాటుకి ఎంత ఆయుష్షో చూడండి.

కొత్త ఇంట్లో 40 వేల లీటర్ల నీళ్లు

గోడల మీద ఈ ఆసక్తి ఆయన్ను మరో లెక్క దగ్గరికి తీసుకెళ్లింది. ఇంటి మెటీరియల్‌లోంచి గదిలోకి ఏమేం వస్తుంది అన్న ప్రశ్నకు ఆయన సమాధానం ఇదే. 1872లో డ్రెస్డెన్‌లో సామాన్య జనం కోసం ఇచ్చిన ఉపన్యాసాల్లో దీన్ని వివరించాడు.

మూడంతస్తుల ఇల్లు తీసుకున్నాడు. అంతస్తుకి ఐదు గదులు, ఒక వంటగది. ఇటుకలు 1,67,000. ఒక్కో ఇటుక 10 పౌండ్లు. కట్టేటప్పుడు తడపడం వల్ల బరువులో కనీసం 5 శాతం నీరు ఉంటుంది. గుణిస్తే 83,500 పౌండ్ల నీరు. మన లెక్కలో దాదాపు 40 వేల లీటర్లు. నాలుగు పెద్ద వాటర్ ట్యాంకర్లు. ఇది ఇటుకల్లోది మాత్రమే, సున్నంలో ఉన్నది వేరే. ఈ నీరంతా ఎటు పోవాలి? గది గాలిలోకే. గాలి మారితేనే బయటికి పోతుంది. గోడ ఆరకముందే కాపురం పెడితే ఆ తేమ మనుషులు పీల్చాలి, పరుపులు పీల్చాలి, మూలల్లో బూజు పట్టాలి. ఆ కాలంలో యూరప్ నగరాల్లో తడి ఆరని కొత్త ఇళ్లను తక్కువ అద్దెకు పేదలకు ఇచ్చేవారు. వాళ్లు కాపురం ఉండి గోడలు ఆరబెడితే, తర్వాత డబ్బున్నవాళ్లు వచ్చేవారు. పెటెన్‌కోఫర్ లెక్క ఎవరి ఒంటి మీద పడుతోందో దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఆయన గట్టిగా పట్టుకున్న సూత్రం ఇంకోటి ఉంది. గదిలో పెంటకుప్ప పెట్టుకుని కిటికీలు తీసి వాసన పోగొట్టాలని చూడటం తెలివితక్కువతనం. ముందు కుప్ప ఎత్తి బయట పారెయ్యాలి. గాలి మార్పిడి అనేది తీసెయ్యలేని మలినాల కోసం, అంటే మనుషుల ఊపిరి కోసం. తీసెయ్యగలిగిన వాటి కోసం కాదు.

ఇప్పుడు మన బెడ్రూమ్‌కి వద్దాం. పెంటకుప్ప స్థానంలో ఇప్పుడున్నది పార్టికల్ బోర్డు, చవక ప్లైవుడ్. వీటిని అతికించే యూరియా జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు నెలలు, ఏళ్ల తరబడి వస్తుంది. కళ్లు మండించేది ఇదే. క్యాన్సర్ కారకాల జాబితాలో కూడా ఉంది. 1970ల్లో జర్మనీలో ఈ బోర్డుల వల్ల పెద్ద గొడవే అయింది. 1977లో అక్కడి ఆరోగ్య శాఖ ఇళ్లలో 0.1 పీపీఎం దాటకూడదని హద్దు పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు కూడా దానికి దగ్గర్లోనే ఉంది, ఘనపు మీటరుకి 0.1 మిల్లీగ్రాములు.

పెటెన్‌కోఫర్ లెక్కే ఇక్కడ వేసి చూద్దాం. గది 30 ఘనపు మీటర్లు. అందులో కొత్త వార్డ్‌రోబ్, మంచం, లోఫ్ట్ కలిపి బోర్డు వైశాల్యం 20 చదరపు మీటర్లు. ఉదాహరణకు ఒక్కో చదరపు మీటరు గంటకు 0.1 మిల్లీగ్రాము వదులుతుందనుకుందాం. మొత్తం గంటకు 2 మిల్లీగ్రాములు. మామూలుగా మూసిన గదిలో రెండు గంటలకోసారి గాలి మారితే గంటకు 15 ఘనపు మీటర్లు. 2ను 15తో భాగిస్తే 0.13. హద్దు దాటేసింది. ఏసీ వేసి సందులన్నీ బిగిస్తే గాలి మార్పిడి ఐదు గంటలకోసారికి పడిపోతుంది. అప్పుడు గంటకు 6 ఘనపు మీటర్లే. అంకె 0.33. అంటే హద్దుకి మూడు రెట్లు. ఎదురెదురు కిటికీలు తీసి గంటకు మూడుసార్లు మారేలా చేస్తే 0.02. చాలామంది అనుకునేది వేరు కానీ, స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది.

నిజానికి ఈ లెక్క కొంచెం మొరటుది. గదిలో వాయువు పెరిగేకొద్దీ బోర్డు వదిలే వేగం కాస్త తగ్గుతుంది, కాబట్టి అసలు అంకె ఇంకొంచెం తక్కువ రావచ్చు. మరోవైపు ఎండాకాలం వేడికి, వానాకాలం తేమకి బోర్డు వదిలేది ఎక్కువవుతుంది. అందుకే ల్యాబుల్లో బోర్డు ముక్కను మూసిన చాంబర్‌లో పెట్టి, ఉష్ణోగ్రత, తేమ, గాలి మార్పిడి అన్నీ స్థిరంగా ఉంచి కొలుస్తారు. ఈ చాంబర్ ఐడియాకి కూడా పూర్వీకుడు మ్యూనిక్‌లోనే ఉన్నాడు. 1861 నాటికే పెటెన్‌కోఫర్, ఆయన శిష్యుడు కార్ల్ వాయిట్ కలిసి మనిషి రోజంతా ఉండగలిగేంత గదిని ఇనుప రేకుతో కట్టారు. లోపలికి వెళ్లే గాలి, బయటికి వచ్చే గాలి రెండూ కొలిచేవారు. లోపల ఉన్న మనిషి ఏం తిన్నాడు, ఎంత వదిలాడు, అంతా లెక్కే. డబ్బు ఇచ్చింది రాజుగారు. టంకశాల పనితనం మరోసారి!

ఊరు బాగుపడింది.. కానీ

1865లో బవేరియా యూనివర్సిటీల్లో పరిశుభ్రత శాస్త్రానికి ప్రత్యేక పీఠాలు పెట్టారు. మ్యూనిక్‌లో మొదటి ప్రొఫెసర్ ఈయనే. వియన్నా నుంచి పెద్ద ఆఫర్ వస్తే, ఇక్కడే ఉంటాను, నాకో ఇన్‌స్టిట్యూట్ కట్టించండి అన్నాడు. 1879లో అది తెరుచుకుంది.

1873లో మ్యూనిక్ జనం ముందు మరో లెక్క పెట్టాడు. ఈ ఊర్లో ఏడాదికి వెయ్యి మందిలో 33 మంది పోతున్నారు, లండన్‌లో 22 మందే. ఊరి జనాభా 1,70,000. తేడా లెక్కిస్తే ఏడాదికి 1,870 ప్రాణాలు. వాటితో పాటు జబ్బుపడిన రోజులు, పోయిన కూలి, మందుల ఖర్చు.. అన్నీ డబ్బులోకి మార్చి చూపించాడు. కౌన్సిలర్లకు దయ కంటే పద్దు బాగా అర్థమవుతుందని ఆయనకు తెలుసు. 1878లో ఊరి మధ్య కబేళాలు ఎత్తేసి ఒకే చోట పెద్ద వధశాల కట్టారు. 1883 నుంచి కొండల వైపు ఉన్న మాంగ్‌ఫాల్ లోయ మంచినీళ్లు వచ్చాయి. మురుగు కాల్వలు వచ్చాయి. టైఫాయిడ్‌కి పేరుమోసిన ఊరు ఆ మచ్చ చెరిపేసుకుంది.

విచిత్రం ఏంటంటే, ఇదంతా చేసిన మనిషి టైఫాయిడ్, కలరా తాగునీటి వల్ల వస్తాయని ఒప్పుకోలేదు! 1854లో మ్యూనిక్‌లో కలరా వచ్చి వేలమంది పోయారు. పెటెన్‌కోఫర్‌కీ సోకింది. ఆయన ఇంట్లో వంటమనిషి చనిపోయింది. అప్పటి నుంచి ఆయన ఆలోచన అంతా కలరా మీదే. క్రిమి ఒక్కటే చాలదు, ఆ ఊరి నేల, నేల అడుగున నీటిమట్టం అనుకూలంగా ఉంటేనే అది విషంగా మారుతుందన్నాడు. నేలలోంచి పుట్టిన ఆ విషం గాలితో పాటు ఇళ్లలోకి వస్తుందన్నాడు. గోడ విషయంలో జరిగిందే మళ్లీ జరిగింది. అంకెలు జాగ్రత్తగా పోగేశాడు, దారి మాత్రం తప్పుగా చూపించాడు. అప్పటి బ్రిటిష్ ఇండియా ఆరోగ్య అధికారుల్లో చాలామందికి ఈ మాట నచ్చింది. కలరా మీద పనిచేయడానికి మన దేశానికి వచ్చిన లూయిస్, కన్నింగ్‌హామ్ అనే డాక్టర్లు ఇటు రాకముందు మ్యూనిక్ వెళ్లి ఆయన్ను కలిసి వచ్చారు.

1884లో రాబర్ట్ కాక్ కలకత్తా వచ్చి కలరా క్రిమిని వేరు చేసి చూపించాడు. పెటెన్‌కోఫర్ కదల్లేదు. 1892లో హాంబర్గ్‌లో కలరా వచ్చి 8 వేల మందికి పైగా చనిపోయారు. ఆ అక్టోబర్ 7న, 73 ఏళ్ల వయసులో, కలరా క్రిములున్న ద్రావణం ఒక మిల్లీలీటరు అందరి ముందూ తాగేశాడు. కొన్నాళ్లు విరేచనాలయ్యాయి, ప్రాణం మీదకు రాలేదు. తన మాటే నిజమైందనుకున్నాడు. అదే పని చేసిన శిష్యుడు ఎమరిష్‌కి మాత్రం జబ్బు గట్టిగానే చేసింది. ఒక్క మనిషి బతికినంత మాత్రాన సిద్ధాంతం రుజువు కాదని, వేల కొలతలు తీసిన ఆయనకు తెలియనిది కాదు. అయినా తాగాడు. ఎందుకో మరి, జీవితమంతా లెక్కను నమ్మిన మనిషి ఆ ఒక్కరోజు పంతాన్ని నమ్మాడు.

చివరి రోజులు బాధగా గడిచాయి. 1890లో హెలెన్ పోయింది. పిల్లల్లో ముగ్గురు తన కళ్ల ముందే పోయారు. పదవులకు, బిరుదులకు లోటు లేదు. బవేరియా సైన్స్ అకాడమీకి అధ్యక్షుడిగా చేశాడు, పేరు ముందు వాన్ చేరింది. కానీ ఒంటరితనం, అనారోగ్యం, మనోవేదన ఆయన్ను వదల్లేదు. 1901 ఫిబ్రవరి 10న, 82 ఏళ్ల వయసులో, మ్యూనిక్‌లోని తన నివాసంలో తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఊరి పాత దక్షిణ శ్మశానంలో సమాధి ఉంది.

మ్యూనిక్‌లో ఆయన విగ్రహం ఉంది, ఆయన పేరుతో ఇన్‌స్టిట్యూట్ ఉంది. లండన్‌లో ప్రజారోగ్యం నేర్పే ప్రసిద్ధ స్కూల్ భవనం గోడ మీద ఈ రంగంలో గొప్పవాళ్ల పేర్లు వరుసగా చెక్కారు. అందులో పెటెన్‌కోఫర్ ఉన్నాడు. ఆయన ఒప్పుకోని కాక్ పేరూ అదే గోడ మీద ఉంది. 1897లో మన సికింద్రాబాద్‌లో కూర్చుని దోమ కడుపులో మలేరియా గుట్టు పట్టుకున్న రోనాల్డ్ రాస్ పేరు కూడా.